పన్నెండు వోల్టులేగా! తోట దీపాలకు తిరుగులేని చిట్కాలు

ఇల్లు కట్టారు. ముందు కాస్త పచ్చిక పరిచారు. కడియం నర్సరీ నుంచి లారీలో అరెకా పామ్‌లు దింపించారు. గృహప్రవేశం వారంలోకి వచ్చింది. ఇక చెట్ల మొదట్లో దీపాలు వెలగాలి, వెలుగు కింది నుంచి పైకి కొట్టాలి, వచ్చిన చుట్టాలు గేటు దగ్గరే ఆగి ఫొటోలు దిగాలి.

ఈ పనిని పద్ధతిగా చేసేవాళ్లు ఉన్నారు. ముందు కాగితం మీద గీత గీసుకుంటారు, వాట్లు కూడుకుంటారు, వైరు మందం చూస్తారు, వానాకాలాన్ని తలుచుకుంటారు. వాళ్ల తోటలు ఏళ్ల తరబడి ఒకేలా వెలుగుతుంటాయి. చూసేవాళ్లకు విసుగు, మాట్లాడుకోవడానికి వీధికి ఒక్క కబురూ ఉండదు. మీకా ఖర్మ పట్టకూడదు.

సంగతి చిన్నది. వీధిలోంచి ఇంట్లోకి వచ్చేది 230 వోల్టులు. తోటలో తడి ఉంటుంది, మట్టి ఉంటుంది, పిల్లల ఉత్తికాళ్లు ఉంటాయి. అందుకని ఒక పెట్టె పెట్టి, కరెంటును 12 వోల్టులకు దించి దీపాలకు ఇస్తారు. ఆ పెట్టెను కొందరు ట్రాన్స్‌ఫార్మర్ అంటారు, కొందరు డ్రైవర్ అంటారు, షాపులో ఎస్‌ఎంపీఎస్ అంటారు. మనం పెట్టె అనుకుందాం. దానికి అవతలి వైపు 230 వోల్టులు ఉన్నాయన్న సంగతి ఈ క్షణమే మరిచిపోండి. ఎవరేం అడిగినా మీ దగ్గర ఒకటే జవాబు ఉండాలి: "పన్నెండు వోల్టులేగా!" ఈ మంత్రం నోటికొస్తే సగం పని అయిపోయినట్టే. మిగతా సగం ఇదిగో.

1. వాట్లు కూడకండి

దీపం ఒక్కోటి 6 వాట్లు. ఇరవై దీపాలకు 120 వాట్లు. 12 వోల్టుల దగ్గర అది 10 ఆంపియర్లు. పద్ధతి మనుషులు పెట్టెను అంచుదాకా నింపరు. ఐదో వంతు ఖాళీ ఉండేలా 150 వాట్లది కొంటారు. మీరు 60 వాట్లది కొనండి. షాపతను "సరిపోదు సార్" అంటే, "ఎల్‌ఈడీలేగా, కరెంటే తాగవు" అనండి. తక్కువ తాగడం వేరు, అసలు తాగకపోవడం వేరు అని వాదనకు దిగితే పక్క షాపుకు వెళ్లండి.

ఫలితం మొదటి సాయంత్రమే కనిపిస్తుంది. చాలా పెట్టెల్లో బరువు మించితే తనంతట తాను ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. ఆగుతుంది, తేరుకుంటుంది, మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. తోటంతా ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. దీపావళికి సీరియల్ బల్బులు కొనే ఖర్చు తప్పింది. ఆ ఏర్పాటు కూడా లేని పెట్టె దొరికితే మీ అదృష్టం ఇంకా గొప్పది. అది ఒకేసారి ఆగుతుంది, వాసనతో సహా.

2. బిల్లు అడగకండి

హైదరాబాద్‌లో ఉంటే ట్రూప్ బజార్‌కు వెళ్లండి. అక్కడ మంచి సరుకు బోలెడంత ఉంటుంది కాబట్టి చెడ్డది వెతికి పట్టుకోవడానికి కాస్త ఓపిక కావాలి. "కంపెనీదా, లోకలా?" అని అడగండి. "సేమ్ క్వాలిటీ సార్, స్టిక్కరే తేడా" అని ఎవరు అంటారో అక్కడ ఆగిపోండి. మీ మనిషి దొరికాడు.

ఎల్‌ఈడీ డ్రైవర్లకు బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పెట్టె మీద 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. వెతక్కండి. వెతికితే లేదని తెలుస్తుంది, తెలిస్తే నిద్ర పట్టదు. బిల్లు వద్దంటే కాస్త తగ్గిస్తారు, ఆ తగ్గింపుతో రెండు ప్లేట్ల మిర్చీ బజ్జీలు వస్తాయి. ఇక గ్యారంటీ అంటారా, "ఏమన్నా అయితే పట్రండి, నేనున్నాగా" అని నోటిమాటగా ఇస్తారు. వానలు పడ్డాక వెళ్తే ఆయన అక్కడే ఉంటాడు. మిమ్మల్ని గుర్తుపట్టడు, అంతే.

3. గాలి ఆడే పెట్టె ఎంచుకోండి

బయట పెట్టే సామాను మీద ఐపీ అని రాసి పక్కన రెండు అంకెలు వేస్తారు. మొదటి అంకె దుమ్ము సంగతి చెబుతుంది, రెండోది నీళ్ల సంగతి. 65 అంటే దుమ్ము దూరదు, పైపుతో నీళ్లు కొట్టినా తట్టుకుంటుంది. 67 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ముంచినా ఫర్వాలేదు. 20 అంటే లోపలికి వేలు దూరదు, నీళ్లనేవి ఈ లోకంలో ఉన్నాయని దానికి తెలియదు. మీరు 20 కొనండి. సైన్‌బోర్డుల లోపల పెట్టే వెండిరంగు జాలీ పెట్టె ఉంటుంది చూడండి, అదే. చవక, తేలిక, గాలి ధారాళంగా ఆడుతుంది.

గాలితోపాటు చీమలు, బల్లులు కూడా ధారాళంగా ఆడతాయి. బల్లి మన ఒంటి మీద పడితే ఫలితం కోసం పంచాంగం తిరగెయ్యాలి. పెట్టెలో పడితే ఏ పంచాంగమూ అక్కర్లేదు, ఫలితం అక్కడికక్కడే తెలుస్తుంది, మీకూ బల్లికీ.

వాన గురించి మరీ బెంగగా ఉంటే మిఠాయి కొట్టు క్యారీబ్యాగు తొడిగి రబ్బరు బ్యాండు వేయండి. ఏప్రిల్‌లో లోపల వేడి మగ్గుతుంది, జులైలో లోపల చెమ్మ మగ్గుతుంది. ఏ కాలానికి ఆ కాలం పెట్టె మీద చేయి వేసినట్టవుతుంది.

4. పెట్టెను వాస్తు ప్రకారం దూరంగా పెట్టండి

ఆగ్నేయం అగ్ని మూల. కరెంటు అగ్ని. కాబట్టి పెట్టె ఆగ్నేయంలోనే ఉండాలి. దీపాలు మాత్రం వాయవ్యంలో, అంటే ఇంటికి సరిగ్గా అవతలి మూల ఉండాలి. మధ్యలో ఇల్లు అడ్డం కనుక వైరు ప్రహరీ చుట్టూ తిరిగి వెళ్తుంది. ఈ ప్రదక్షిణ వల్ల కలిగే పుణ్యం ఏడో చిట్కాలో తెలుస్తుంది.

పద్ధతి మనుషులు పెట్టెను నేలకు అడుగు పైనే, గోడకు, నీడ పట్టున బిగిస్తారు. వైర్లు కింది నుంచి లోపలికి వెళ్లేలా చూస్తారు. వైరును కాస్త కిందికి వంపు తిప్పి, దాని వెంట జారిన చినుకు ఆ వంపు దగ్గరే రాలిపోయేలా చేస్తారు. మీరు పెట్టెను నేల మీదే పెట్టండి, కుళాయి పక్కన. వైర్లను పై నుంచి దూర్చండి. ఇంటికొచ్చిన నీళ్లకు దారి చూపించడం గృహస్థధర్మం. మాలి పైపు పట్టినప్పుడు మొక్కతోపాటు పెట్టెకూ నాలుగు చుక్కలు అందుతాయి. అందరినీ సమానంగా చూడాలి.

5. కరెంటు ఎక్కడ దగ్గరైతే అక్కడ గుంజండి

మెయిన్ బోర్డు నుంచి తోటకు విడిగా ఒక లైను లాగి, దానికో ఎంసీబీ పెట్టాలని పుస్తకాల్లో ఉంటుంది. పుస్తకాలకేం, గోడ కొట్టే పని వాటికి లేదు. మీరు బోరు మోటారు స్టార్టర్ నుంచి రెండు తీగలు గుంజండి. మోటారు వేసినప్పుడల్లా తోట ఒకసారి కన్ను కొడుతుంది. సంపు నిండుతోందని ఇంట్లోవాళ్లకు అదే గుర్తు.

స్టార్టర్ దూరమైతే పడగ్గదిలో ఫోన్ ఛార్జింగు పెట్టే చోట టూ పిన్ ప్లగ్గు పెట్టి, వైరును కిటికీ సందులోంచి బయటికి తీయండి. కిటికీ తలుపు ఆ వైరును రోజూ కొంచెం కొంచెం కొరుకుతుంది. పూర్తిగా మూసుకోదు కాబట్టి దోమలు కూడా వస్తాయి. ఎవరో ఒకరు ఫోన్ ఛార్జింగు కోసం ఆ ప్లగ్గు పీకేసిన రోజు తోట చీకటవుతుంది. ఎవరు పీకారన్న విచారణతో ఆ సాయంత్రం ఇల్లంతా కళకళలాడుతుంది.

6. పచ్చ వైరును బట్టలారేయడానికి వాడండి

230 వైపు మూడు తీగలుంటాయి. రెండిటితోనే పెట్టె పని చేస్తుంటే మూడోది ఎందుకని ఎవరికైనా అనుమానం వస్తుంది. మీకు వచ్చింది, అభినందనలు. ఆ పచ్చ తీగను ఎర్త్ అంటారు. ఇనప ఒళ్లున్న పెట్టెలో లోపలి తీగ ఊడి ఒంటికి తగిలితే ఆ కరెంటును భూమిలోకి పంపడం దాని పని. భూమికి కరెంటుతో ఏం పని? కత్తిరించి దండెం కట్టుకోండి, గట్టిగా ఉంటుంది.

ఇంకొకటుంది, ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని అది కాపలా కాస్తుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే టక్కున పడిపోతుంది. ఆ తేడా ఎవరో ఒకరి ఒంట్లోంచి పోతోందేమోనని దాని అనుమానం. పైన చెప్పినట్టు పని చేస్తే అది చినుకు పడిన ప్రతిసారీ పడుతుంది. సీరియల్ మధ్యలో టీవీ ఆగిపోతుంది. అప్పుడు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి "అన్నా, ఇది ఊరికే ట్రిప్ అవుతోంది, డైరెక్టు చేసెయ్" అనండి. తెలిసినవాడైతే చేయనంటాడు. చేసేవాడు దొరికేదాకా వెతకండి.

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరూ చెప్పలేరంటారు పెద్దలు. ఆ రెండింటినీ ఒకే వేళకు కుదిర్చే ఏర్పాటు ఇప్పుడు మీ ఇంట్లో ఉంది. తడికాళ్లతో వచ్చి పెట్టె పట్టుకున్నవాళ్లు ఇక వదలరు. అంత ఆదరణ ఏ ఇంట్లో దొరుకుతుంది?

7. వైరు ఎంత సన్నగా ఉంటే అంత అందం

ఇక్కడ కాస్త లెక్క ఉంది, భయపడకండి. లెక్క చూసి నవ్వుకోవడానికే. పెట్టె నుంచి వాయవ్య మూల దీపాల దాకా, ప్రహరీ చుట్టూ తిరిగి, 30 మీటర్లు అనుకోండి. కరెంటు వెళ్లడమే కాదు, తిరిగి రావాలి కూడా. కాబట్టి రాగి 60 మీటర్లు. 1 స్క్వేర్ ఎంఎం తీగలో ఆ పొడవుకు నిరోధం సుమారు 1 ఓం. ఆ మూలన ఉన్నవి మొత్తం 60 వాట్ల దీపాలైతే తీగలో నడిచేది 5 ఆంపియర్లు. అంటే 5 వోల్టులు దారిలోనే ఖర్చు. 12 బయల్దేరితే 7 చేరతాయి. అదే 2.5 స్క్వేర్ ఎంఎం తీగ వేస్తే దారిలో పోయేది 2 వోల్టులు. 4 స్క్వేర్ ఎంఎం వేస్తే 1.3 వోల్టులు.

ఇంట్లో వైరింగుకు ఇంత గొడవ లేదు. 230 వోల్టుల దగ్గర అదే 60 వాట్లకు ఆంపియరులో నాలుగో వంతు చాలు. వోల్టులు తగ్గితే ఆంపియర్లు పెరుగుతాయి, ఆంపియర్లు పెరిగితే తీగ లావెక్కాలి. తోట దీపాల గుట్టంతా ఈ ఒక్క మాటలో ఉంది. అందుకే ఎవరికీ చెప్పకండి. "పన్నెండు వోల్టులకు లావు వైరెందుకు?" అని గట్టిగా అడగండి. వినేవాళ్లకు న్యాయంగానే తోస్తుంది.

ఇంట్లో మిగిలిన కాలింగ్ బెల్ వైరు వేయండి, లేదా పాత స్పీకర్ల వైరు. గేటు దగ్గర దీపం ధగధగలాడుతుంది, దాని తర్వాతది కాస్త తక్కువ, ఆ తర్వాతది ఇంకాస్త తక్కువ. పెళ్లి పంక్తిలో చివరి విస్తరికి గారె అందనట్టు, వాయవ్యంలో అరెకా పామ్‌కు వెలుగు అందదు. దీన్ని మూడ్ లైటింగ్ అనండి. చుట్టాల్లో ఒకరైనా "మా ఇంట్లోనూ ఇలాగే చేయించాలి" అంటారు.

8. వెలుగు చాలకపోతే స్క్రూ తిప్పండి

చివరి దీపాలు మినుకుమంటుంటే పద్ధతి మనుషులు లావు వైరు వేస్తారు. లేదా పెట్టెను తోట మధ్యకు జరుపుతారు. కుదరకపోతే దీపాలను గుంపులు చేసి, గుంపుకొక వైరు చొప్పున పెట్టె నుంచే విడిగా లాగుతారు. ఇవన్నీ ఒళ్లు వంచే పనులు. జాలీ పెట్టెకు వైర్లు బిగించే చోట పక్కనే ఒక బుల్లి స్క్రూ ఉంటుంది. దాన్ని తిప్పితే వోల్టులు కాస్త పెరుగుతాయి. ఆఖరుదాకా తిప్పండి. అది కూడా చాలకపోతే 24 వోల్టుల పెట్టె తెచ్చి తగిలించండి.

చివరి దీపాలు కళకళలాడతాయి. ముందు వరస దీపాలు వాటి కోసం ప్రాణాలు అర్పిస్తాయి. అవి పోయాక కొత్తవి తెచ్చి బిగించండి, అవీ పోతాయి. నెలకోసారి షాపుకు వెళ్తుంటే షాపతనితో పరిచయం పెరుగుతుంది. రెండో చిట్కాలో మిమ్మల్ని గుర్తుపట్టనిది ఇతనే, ఇప్పుడు దూరం నుంచే చెయ్యి ఊపుతాడు.

9. ఏ పెట్టెకు ఏ దీపమైనా తగిలించండి

బావగారింట్లో ఫాల్స్ సీలింగ్ పీకినప్పుడు హాలోజన్ బల్బుల ట్రాన్స్‌ఫార్మర్లు మిగిలి ఉంటాయి. అడిగి తెచ్చుకోండి. వాటి మీద కూడా 12 అనే రాసి ఉంటుంది. పక్కన ఏసీ అనో డీసీ అనో ఉంటుంది, అది చదవకండి. వాటిలో ఎలక్ట్రానిక్ రకానికి కనీసం ఇంత బరువు ఉండాలన్న నియమం ఉంటుంది. హాలోజన్ బల్బు ఆకలి ఎక్కువది కాబట్టి సరిపోయేది. 6 వాట్ల ఎల్‌ఈడీ తగిలిస్తే ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కు పని ఉన్నట్టే అనిపించదు. దీపం రెపరెపలాడుతుంది. గాలి లేకపోయినా ఆడే దీపం చూసి పిల్లలు తోటలోకి ఒంటరిగా వెళ్లరు, ఒక బాధ్యత తగ్గింది.

డీసీ దీపాలకు ఎరుపు, నలుపు తీగలుంటాయి. ఏది ఎటైనా బిగించండి. కొన్ని వెలుగుతాయి, కొన్ని వెలగవు, కొన్ని ఇంకెప్పటికీ వెలగవు. వెలగనివాటిని "డిఫెక్ట్ పీస్" అనండి.

10. జాయింట్లు నేలలో, నమ్మకం దేవుడి మీద

వైరు పొరను పళ్లతో ఒలవండి. పనిముట్లు కొనడం పొదుపరి లక్షణం కాదు. రెండు తీగల్నీ వేళ్లతో మెలిపెట్టి, నల్ల టేపు రెండు చుట్లు చుట్టి, మట్టిలో పూడ్చండి. జెల్ నింపిన వాటర్‌ప్రూఫ్ కనెక్టర్లు దొరుకుతాయి. కొనకండి, టేపుకు అవమానం.

మే నెల ఎండకు నేల వేడెక్కి టేపు జిగురు కరిగి జారుతుంది. జూన్‌లో తడి చేరుతుంది. రాగి ఆకుపచ్చగా మారుతుంది. తోటలో పచ్చదనం పెంచడమే కదా మీ ఆశయం! వదులు జాయింటు వేడెక్కుతుంది. పన్నెండు వోల్టులు షాకు కొట్టకపోవచ్చు గానీ, పది ఆంపియర్లు ఒక వదులు జాయింటు దగ్గర చేరితే ఎండుటాకులు అంటుకోవడానికి చాలు. ఆకులు ఊడ్చే శ్రమ తగ్గుతుంది. 12 వోల్టుల వైపు ఫ్యూజు కూడా పెట్టకండి. ఫ్యూజు ఉంటే రెండు తీగలూ ఒకదానికొకటి తగిలినప్పుడు తెగి ఆట చెడగొడుతుంది.

11. నాలుగు వేళ్ల లోతు చాలు

230 వోల్టుల కేబులును తోటలో పూడ్చాలంటే ముప్పావు మీటరు లోతు తవ్వి, ఇసుక పోసి, పైన ఇటుకలు పేర్చి పూడుస్తారు. తర్వాత ఎవరైనా తవ్వితే ముందు ఇటుక తగలాలని. 12 వోల్టుల వైరుకు అంత లోతు అక్కర్లేదు గానీ, పార దిగే లోతుకన్నా కిందికి, పీవీసీ పైపులో వేస్తారు. మీరు రెండింటినీ నాలుగు వేళ్ల లోతులో, పైపు లేకుండా వేయండి. పైపు వేసే తీరాలని ఇంట్లో పట్టుబడితే 230 తీగనూ 12 తీగనూ ఒకే పైపులో తోయండి. ఒక పైపు ఖర్చు మిగులుతుంది. లోపల రెండిటి పొరా ఒకచోట చీలిన రోజున చెట్టు కింది బుల్లి దీపానికి కూడా 230 అందుతుంది. ఇక మన మంత్రం ఎవరూ పూర్తి చేయలేరు. "పన్నెండు వో..." దగ్గరే ఆగిపోతారు.

వైరు ఎటు పోయిందో బొమ్మ గీయకండి, పూడ్చేముందు ఫొటో తీయకండి. ఆర్నెల్ల తర్వాత మాలి గన్నేరు మొక్క కోసం గునపం వేసినప్పుడు అతనే కనిపెడతాడు. కనిపెట్టిన ఆనందం పేదవాడికి దక్కనివ్వండి.

12. సెన్సరును దీపం ఎదుటే బిగించండి

చీకటి పడగానే దీపాలు వేసి, తెల్లారగానే ఆర్పే సెన్సరు ఒకటి దొరుకుతుంది. దాన్ని ఆకాశం కనిపించే చోట, దీపాల వెలుగు పడకుండా పెట్టాలి. మీరు సరిగ్గా దీపం ముందు పెట్టండి. చీకటి పడుతుంది, దీపం వెలుగుతుంది. సెన్సరు వెలుగు చూసి తెల్లారిందనుకుని ఆర్పేస్తుంది. ఆర్పగానే చీకటి, మళ్లీ వెలిగిస్తుంది. మీ ఇంట్లో రాత్రికి వంద సార్లు తెల్లవారుతుంది.

సెన్సరు ఇష్టం లేకపోతే ముల్లు తిరిగే పాత రకం టైమరు పెట్టండి. కరెంటు పోయినప్పుడు అదీ ఆగుతుంది, వచ్చాక ఆగిన చోటి నుంచే నడుస్తుంది. కోతలున్న ఊళ్లో కొన్నాళ్లకు మీ తోట మిట్టమధ్యాహ్నం దేదీప్యమానంగా వెలుగుతుంది. సూర్యుడికి సాయం చేసే ఇల్లని పేరొస్తుంది.

13. పరీక్ష పగలే పెట్టండి

పనికి వైర్‌మన్ పర్మిట్ ఉన్నవాణ్ని పిలవకండి. వస్తూనే ప్రశ్నలు వేస్తాడు. రంగులేసే మేస్త్రీకి ఒక బామ్మర్ది ఉంటాడు, అతనికి "కరెంటు పని కూడా వచ్చు". అతనితో బేరమాడి, సగం డబ్బు ముందే ఇచ్చేయండి. మిగతా సగం కోసం అతను రాడు, మీరూ ఇవ్వక్కర్లేదు. ఇద్దరికీ లాభం.

పని అయ్యాక మిట్టమధ్యాహ్నం ఒక్క నిమిషం స్విచ్చి వేసి చూడండి. పగటి వెలుగులో ఏది మసకో ఏది కాంతో తెలియదు కాబట్టి అన్నీ బాగున్నట్టే. మల్టీమీటరు తెచ్చి చివరి దీపం దగ్గర ఎన్ని వోల్టులున్నాయో చూడకండి, అది మీ వైరును అనుమానించడం. కావాలంటే స్క్రూడ్రైవర్ టెస్టరు పెట్టండి. 12 వోల్టులకు అందులో బల్బు వెలగదు. "చూశారా, కరెంటే లేదు, ముట్టుకోవచ్చు" అని అందరికీ చూపించండి. ఎప్పుడైనా దీపం గొట్టానికి పెడితే టెస్టరు వెలిగిందనుకోండి, అంటే 230 అక్కడిదాకా వచ్చేసింది. టెస్టరు పాడైందని పారేయండి.

14. సాకులు ముందే సిద్ధం చేసుకోండి

మృగశిర కార్తె రాగానే తోట ఆరిపోతుంది. ఆ రోజుకు కొత్త సాకు వెతుక్కోవడం అవివేకం. ఇవి ఇప్పుడే రాసిపెట్టుకోండి:

మొదటి వాన: "డిస్కం వాళ్ల వోల్టేజీ అసలు నిలకడగా ఉండదండీ."

రెండో వాన: "ఎలుకలు కొరికాయి." పందికొక్కులంటే ఇంకా బలంగా ఉంటుంది.

మూడో వాన: "పక్కింటివాళ్లు బోరు వేయించినప్పుడు నేలంతా అదిరింది."

పెట్టె కాలినప్పుడు: "ఇప్పుడొచ్చే సరుకే అంత. మా నాన్నగారి కాలంలో..." ఇక్కడ ఆపండి. మీ నాన్నగారి కాలంలో తోటలో లాంతరు ఉండేది.

మాలికి చిమచిమలాడినప్పుడు: "చెప్పులేసుకుని రమ్మంటే వినడు."

అత్తగారు అడిగినప్పుడు: "ఆగ్నేయంలో పెట్టమన్నది మీరే." ఆవిడ అనలేదు. కానీ ఎప్పుడో అనే ఉంటానని ఆవిడకూ అనుమానం వస్తుంది.

తిలా పాపం తలా పిడికెడు. పంచుకుంటూ పోతే మీ వాటాకు ఏమీ మిగలదు. అదే ఈ పనిలో అసలు కొలత. వోల్టులు, వాట్లు కొలిచేవాళ్లు కొలుచుకోనివ్వండి. మీరు మాత్రం నింద ఎంత దూరం జరిగిందో చూసుకోండి. 30 మీటర్ల వైరు చివర దీపం వెలగకపోవచ్చు గానీ, నింద ఎంత దూరం పంపినా ఒక్క వోల్టు తగ్గదు.

15. ఇప్పుడు సలహాదారుగా మారండి

ఇంత అనుభవం ఒక్క ఇంటికే పరిమితం కావడం అన్యాయం. మీ కాలనీలో పార్కు ఉంటుంది, పార్కుకు కమిటీ ఉంటుంది. ఈసారి సర్వసభ్య సమావేశంలో "తోట దీపాల పని నాకు తెలుసు, దగ్గరుండి చేయించాను" అనండి. అది అబద్ధం కాదు. మీ ఇంటివైపు రాత్రిళ్లు ఎవరూ రారు కాబట్టి సాక్ష్యాలు కూడా ఉండవు.

కొటేషన్లు మూడు తెప్పించండి. మూడూ ఒకే షాపు నుంచి, మూడు రకాల లెటర్‌హెడ్ల మీద. లావు వైరు, ఐపీ 65 పెట్టె, ఆర్‌సీసీబీ, పర్మిట్ ఉన్న వైర్‌మన్ అంటూ ఎవరైనా రిటైర్డ్ ఇంజినీరు గారు లేచి మాట్లాడితే మర్యాదగా వినండి, టీ ఇప్పించండి, ఆయన పేరును సలహా సంఘంలో రాసి, ఆ సంఘాన్ని ఎప్పుడూ సమావేశపరచకండి. ఆపైన సభ వైపు తిరిగి చిరునవ్వుతో మంత్రం చదవండి. చప్పట్లు వస్తాయి. పని మీ చేతికొస్తుంది. మీ ఇంట్లో ఇరవై దీపాలతో నేర్చుకున్నదంతా ఇక్కడ రెండొందల దీపాలతో చేసి చూపించవచ్చు. డబ్బు మాత్రం మెయింటెనెన్స్ ఖాతాలోంచి పోతుంది.